ఎల్‌సీ డాక్యుమెంట్లు రిఫ్యూజ్ చేశారు, పార్టీ డిస్కౌంట్ అడుగుతున్నాడు: ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. గుంటూరు నుంచి తేజ మిర్చి రెండు కంటైనర్లు చెన్నై పోర్టులో ఎక్కించి చిట్టగాంగ్ పంపారు. ఢాకాలోని ఒక బ్యాంకు ఇచ్చిన సైట్ ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్: షరతుల ప్రకారం డాక్యుమెంట్లు ఇస్తే కొనుగోలుదారు తరఫున బ్యాంకే వెంటనే డబ్బు కడతానన్న హామీ పత్రం). బీఎల్ (సరుకు ఓడ ఎక్కిందని షిప్పింగ్ లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్) తేదీ జులై 3. షిప్‌మెంట్ అయిన 21 రోజుల్లోపు డాక్యుమెంట్లు ఇవ్వాలి, ఎల్‌సీ ఎక్స్‌పైరీ 31. మీరు 7న గుంటూరులో మీ బ్యాంకుకు ఇచ్చారు. 13వ తేదీ ఆదివారం ఢాకాలో అందాయన్నారు. 17న గురువారం ఎంటీ 734 (బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ నెట్‌వర్క్‌లో, డాక్యుమెంట్లు తిరస్కరిస్తున్నామని చెప్పే) మెసేజ్ వచ్చింది. అందులో మూడు డిస్క్రిపెన్సీలు (ఎల్‌సీ షరతులకు సరిపోని తప్పులు) చూపించారు: ఇన్వాయిస్‌లో ‘స్టెమ్‌లెస్’ (తొడిమ తీసిన) అన్న మాట లేదు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో (సరుకుకు తెగుళ్లు లేవని ప్లాంట్ క్వారంటైన్ ఆఫీసు ఇచ్చేది) సరుకు పేరు ఎల్‌సీలో ఉన్నట్టు లేదు, బీఎల్‌లో నోటిఫై పార్టీ (సరుకు వచ్చిందని కబురు చేయాల్సినవాళ్లు) అడ్రస్‌లో ఢాకా పేట మోతీఝీల్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం పోయింది. 20న ఆదివారం ఇంకో మెసేజ్ పంపి, ఇన్సూరెన్స్ కంపెనీకి షిప్‌మెంట్ అడ్వైస్ పంపిన కాపీ లేదని నాలుగోది కలిపారు. ఈలోగా పార్టీ, అంటే సరుకు కొన్న ఇంపోర్టర్, ‘8 శాతం తగ్గిస్తే యాక్సెప్ట్ చేసేస్తాం’ అని వాట్సాప్ పెట్టాడు. ఈరోజు 21. తగ్గించి వదిలించుకోవాలా అని మీ ప్రశ్న.

వద్దు. కనీసం 24వ తేదీ దాటేదాకా డిస్కౌంట్ అనే మాట మీ నోట రాకూడదు.

డిస్క్రిపెన్సీ అనగానే టెన్షన్‌తో చాలామంది మొదట చేసే పని పార్టీకి ఫోన్ చేయడం. నిజానికి ఆ ఫోన్ ఆఖర్న చేయాలి. ముందు రోజులు లెక్కపెట్టాలి, తర్వాత బ్యాంకు పంపిన మెసేజ్ మాట మాటా చదవాలి, ఆ తర్వాత వాళ్లు చూపించిన తప్పులు ఒక్కొక్కటీ తూచాలి, ఆపైన సరుకు ఎక్కడుందో కనుక్కోవాలి. బ్యాంకులో ట్రేడ్ ఫైనాన్స్ డెస్కు మీద ఏళ్ల తరబడి ఇలాంటి బిల్లులు చూసినవాణ్ని. ఇవేవీ చూడకుండా తొందరపడి రేటు తగ్గించి, తర్వాత ‘అసలు తగ్గించాల్సిన పనే లేదట కదా సార్’ అని వచ్చి బాధపడిన ఎక్స్‌పోర్టర్లు చాలామంది ఉన్నారు.

మీ ఎల్‌సీ యూసీపీ 600 కింద ఇచ్చినదే అయ్యుంటుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి ఐసీసీ రూపొందించిన ఈ నియమాలు 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటిలో 14వ ఆర్టికల్ ప్రకారం డాక్యుమెంట్లు అందిన రోజును వదిలేసి, మర్నాటి నుంచి 5 బ్యాంకింగ్ రోజుల్లోపు బ్యాంకు ఏ సంగతో తేల్చి చెప్పాలి. బంగ్లాదేశ్‌లో బ్యాంకులకు శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పనిదినం. మన క్యాలెండర్ పెట్టుకుని లెక్కేస్తే తప్పుతుంది. 13న ఆదివారం అందాయంటే సోమవారం 1, మంగళవారం 2, బుధవారం 3, గురువారం 4. అంటే 734 గడువులోపే వచ్చింది.

కానీ 13న అందాయని మీకు చెప్పింది ఎవరు? ఆ బ్యాంకు మెసేజ్‌లో రాసుకున్న తేదీయా, కొరియర్ వాళ్ల డెలివరీ రికార్డా? అక్కడి హెడ్డాఫీసులో సంతకం పెట్టి తీసుకున్న కవరు ట్రేడ్ బ్రాంచికి చేరి ఇన్‌వర్డ్ ముద్ర పడేసరికి రెండు మూడు రోజులు గడిచిపోవడం మామూలే. కొరియర్ రికార్డులో 9వ తేదీ బుధవారం అని ఉందనుకోండి. గురువారం 1, ఆదివారం 2, అలా లెక్కేస్తే 16న బుధవారంతో 5 పూర్తి. 17న వచ్చిన 734 ఒక రోజు ఆలస్యం. అప్పుడు 16వ ఆర్టికల్ ప్రకారం డాక్యుమెంట్లు సరిగా లేవని వాదించే హక్కే ఆ బ్యాంకుకు పోతుంది. ఎన్ని తప్పులున్నా డబ్బు కట్టాల్సిందే. కాబట్టి మొదట ఎయిర్‌వే బిల్ నంబరు పట్టుకుని ప్రూఫ్ ఆఫ్ డెలివరీ తెప్పించండి. పది నిమిషాల పని.

తేదీ వాళ్లకే అనుకూలంగా తేలితే మెసేజ్ చదవండి. 16వ ఆర్టికల్ బ్యాంకు మీద మూడు షరతులు పెట్టింది. తిరస్కరిస్తున్నామని చెప్పాలి. ఏ ఏ తప్పుల వల్లో ప్రతి ఒక్కటీ చెప్పాలి. డాక్యుమెంట్లను ఏం చేస్తున్నారో చెప్పాలి, అంటే మీ ఆదేశాల కోసం తమ దగ్గర ఉంచుకున్నారా, పార్టీ ఒప్పుకునేదాకా ఉంచుతున్నారా, తిప్పి పంపుతున్నారా, ముందే అందిన సూచనల ప్రకారం నడుచుకుంటున్నారా అన్నది. ఎంటీ 734 అయితే ఇది 77బీ ఫీల్డులో ఉంటుంది, తప్పులు 77జెలో ఉంటాయి. 734 పంపారు కాబట్టి తిరస్కరణ అన్న సంగతి ఆ మెసేజ్ రకంలోనే ఉంది. అదే ఎంటీ 799 అనే ఫ్రీ ఫార్మాట్ మెసేజ్‌లో ‘ఈ డిస్క్రిపెన్సీలు కనిపించాయి, అప్లికెంట్ అభిప్రాయం అడిగాం’ (అప్లికెంట్ అంటే ఎల్‌సీ పెట్టించిన పార్టీయే) అని మాత్రమే రాసి ఊరుకుంటే అది తిరస్కరణ కిందికి రాదు. మన చుట్టుపక్కల దేశాల బ్యాంకుల నుంచి ఇలాంటి మెసేజ్‌లు తరచు వస్తుంటాయి, మన బ్యాంకులు కూడా వాటిని రిఫ్యూజల్ అనే అనుకుని ఎక్స్‌పోర్టర్‌కి ఫోన్ చేసి చెప్పేస్తుంటాయి. మీ 77బీ ఖాళీగా ఉన్నా, పైన చెప్పినవాటిలో ఏదీ కాని మాట ఉన్నా నోటీసు చెల్లదని గట్టిగా వాదించవచ్చు.

ఇక్కడే మీ నాలుగో డిస్క్రిపెన్సీ సంగతి కూడా తేలిపోతుంది. నియమంలో ఉన్నది ఒకే ఒక్క నోటీసు. తప్పులన్నీ అందులోనే చెప్పాలి. 17న మూడు చెప్పి, మళ్లీ 20న ‘ఇంకోటి కూడా ఉంది’ అంటే కుదరదు. షిప్‌మెంట్ అడ్వైస్ కాపీ నిజంగానే లేకపోయినా ఆ పాయింటు మీద మీ డబ్బు ఆపడానికి ఇక వీల్లేదు.

మిగిలినవి మూడు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో వాళ్లు ‘డ్రైడ్ చిల్లీ’ అని, బొటానికల్ పేరు క్యాప్సికమ్ ఆన్యుయం అని రాస్తారు. తేజ, ఎస్ 17, స్టెమ్‌లెస్ అని ప్లాంట్ క్వారంటైన్ ఆఫీసు రాయదు, రాయనక్కర్లేదు కూడా. 14వ ఆర్టికల్‌లోని ఇ క్లాజు ప్రకారం ఇన్వాయిస్ తప్ప మిగతా కాగితాల్లో సరుకు పేరు సాధారణంగా ఉంటే చాలు, ఎల్‌సీలో ఉన్నదానికి విరుద్ధంగా ఉండకూడదు అంతే. ఎండు మిర్చి ఎండు మిర్చే కదా. ఇది డిస్క్రిపెన్సీ కాదు.

మోతీఝీల్ స్పెల్లింగ్ కొంచెం జాగ్రత్తగా చూడాలి. మామూలుగా అడ్రస్‌లు అచ్చు గుద్దినట్టు ఉండక్కర్లేదు, దేశం ఒకటే అయితే చాలు. కానీ బీఎల్‌లో కన్‌సైనీ (సరుకు ఎవరి పేరున వెళ్తుందో వాళ్లు), నోటిఫై పార్టీ దగ్గర అప్లికెంట్ అడ్రస్ వచ్చినప్పుడు మాత్రం అది ఎల్‌సీలో ఉన్నట్టే ఉండాలని అదే ఆర్టికల్ జె క్లాజులో ఉంది. వాళ్లు పట్టుకున్నది దీన్నే. మీ జవాబు ఏమిటంటే, డాక్యుమెంట్లు పరిశీలించే తీరు మీద ఐసీసీ వెలువరించిన ఐఎస్‌బీపీ 745లో, అర్థాన్ని మార్చని స్పెల్లింగ్, టైపింగ్ పొరపాట్ల వల్ల డాక్యుమెంట్ డిస్క్రిపెంట్ అవదని స్పష్టంగా రాశారు. మెషిన్ అన్న మాటలో ఒక అక్షరం తప్పు పడితే ఫర్వాలేదు, మోడల్ 321 అనాల్సినచోట 123 అంటే తప్పు అని ఉదాహరణలు కూడా ఇచ్చారు. మోతీఝీల్‌లో ఒక అక్షరం పోతే అది ఇంకో పేట అయిపోదు. అదే బిల్డింగ్ నంబరో పోస్టల్ కోడో మారి ఉంటే నేను ఇంత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు.

అసలు తప్పు ఇన్వాయిస్‌ది. 18వ ఆర్టికల్ ప్రకారం ఇన్వాయిస్‌లో సరుకు వివరణ ఎల్‌సీలో ఉన్నదానికి సరిపోవాలి. ఎల్‌సీలో సరుకు వివరణ ఉండే 45ఏ ఫీల్డులో స్టెమ్‌లెస్ అని ఉండి ఇన్వాయిస్‌లో లేకపోతే, మిర్చి వ్యాపారంలో తొడిమ తీసిన కాయకూ తీయనిదానికీ రేటు తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు, అది నిజమైన డిస్క్రిపెన్సీయే. దీని మీద వాదన పెట్టుకుని టైమ్ పోగొట్టుకోవద్దు.

సరిదిద్దండి. ఇప్పటికి అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. బ్యాంకు తిరస్కరించినంత మాత్రాన ఎల్‌సీ చచ్చిపోదు. గడువులోపు సరైన కాగితం మళ్లీ ఇస్తే వాళ్లు తీసుకోవాల్సిందే. మీకున్న గడువు జులై 3 నుంచి 21 రోజులు, అంటే 24. ఎక్స్‌పైరీ 31 కదా అని ధీమాగా ఉండకండి, రెంటిలో ఏది ముందు వస్తే అదే గడువు. ఇన్వాయిస్ మళ్లీ ప్రింట్ తీయండి. నంబరు, తేదీ, మొత్తం, బరువు ఏవీ మార్చకండి, మిగతా డాక్యుమెంట్లలో ఆ నంబరే ఉంటుంది. వివరణ మాత్రం 45ఏలో ఎలా ఉందో అలాగే, కామాలతో సహా దించండి. అయితే ఒక్క మాట. కంటైనర్లో ఉన్నది నిజంగా తొడిమ తీసిన సరుకైతేనే ఇది చేయండి. తొడిమతో ఉన్న కాయ ఎక్కించి కాగితంలో స్టెమ్‌లెస్ అని రాయడం మోసం. అప్పుడు డిస్క్రిపెన్సీ సంగతి పక్కకు పోయి మీ మీదే కేసు తిరుగుతుంది. కస్టమ్స్‌కి ఇచ్చిన షిప్పింగ్ బిల్లులో ఏం డిక్లేర్ చేశారో కూడా ఒకసారి చూసుకోండి.

షిప్‌మెంట్ అడ్వైస్ మీరు ఈమెయిల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీకి నిజంగా పంపి ఉంటే, పంపిన తేదీ ఎల్‌సీలో చెప్పిన రోజుల్లోపే ఉంటే ఆ కాపీ కూడా జత చేయండి. తేదీ దాటి ఉంటే పెట్టకండి. చెల్లని అభ్యంతరానికి మీరే బలం ఇచ్చినట్టవుతుంది. కొత్తగా ఇచ్చిన కాగితంలో తప్పుంటే బ్యాంకు చెప్పవచ్చు. ఇంతకుముందు చూసి ఏమీ అనని పాత కాగితాల మీద మాత్రం కొత్త తప్పులు ఎత్తలేదు.

ఎక్కడ ఇవ్వాలన్నది 41 ఫీల్డును బట్టి ఉంటుంది. ‘ఎనీ బ్యాంక్ ఇన్ ఇండియా బై నెగోషియేషన్’ అని ఉంటే మీ గుంటూరు బ్యాంకులో 24 లోపు ఇస్తే చాలు, ఢాకా చేరడానికి తర్వాత నాలుగు రోజులు పట్టినా ఇబ్బంది లేదు. కవరింగ్ షెడ్యూల్‌లో (కాగితాలతో మీ బ్యాంకు పంపే లెటర్) ‘ఈ తేదీన మాకు అందాయి, ఎల్‌సీ షరతులకు అనుగుణంగా ఉన్నాయి’ అని రాయించండి. ఇష్యూయింగ్ బ్యాంకు (ఎల్‌సీ ఇచ్చిన ఢాకా బ్యాంకు) కౌంటర్‌లోనే అని ఉంటే మాత్రం 24 సాయంత్రానికల్లా కాగితం ఢాకాలో ఉండాలి. అలాగైతే ఇది చదవడం ఆపి ముందు కొరియర్ సంగతి చూడండి. వీలైతే హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో ఎవరైనా చేత్తో పట్టుకెళ్లే ఏర్పాటు చూడండి.

మీ బ్యాంకు మొదటిసారి ఎలా పంపిందో కూడా అడగండి. కొన్ని బ్రాంచీలు తమకే ఏదో అనుమానం వస్తే మీ చేత ఒక ఇండెమ్నిటీ లెటర్ (నష్టం వస్తే మేమే భరిస్తామన్న హామీ) తీసుకుని ‘కలెక్షన్ బేసిస్’ అని రాసి పంపేస్తాయి. కలెక్షన్ బిల్లులకు ఐసీసీ పెట్టిన యూఆర్‌సీ 522 నియమాల కింద కలెక్షన్‌కి పంపితే ఇష్యూయింగ్ బ్యాంకు బాధ్యత పోయినట్టే, అప్పుడు మీ చేతిలో ఉన్నది ఎల్‌సీ కాదు, మామూలు డీపీ బిల్లు (పార్టీ డబ్బు కడితేనే కాగితాలు ఇచ్చేది). మళ్లీ పంపేటప్పుడు ఎల్‌సీ కిందే, యూసీపీ 600 ప్రకారమే అన్న మాట ఉండేలా చూడండి.

దీంతోపాటు మీ బ్యాంకు చేత ఈరోజే ఒక 799 పంపించండి. అందులో నాలుగు విషయాలు చాలు. రెండో డిస్క్రిపెన్సీ 14 ఇ ప్రకారం చెల్లదు. మూడోది అర్థం మారని టైపింగ్ పొరపాటు. 20వ తేదీ మెసేజ్ 16 సి క్లాజు ప్రకారం చెల్లదు. మొదటిదానికి సవరించిన ఇన్వాయిస్ గడువులోపు ఇస్తున్నాం, అందిన వెంటనే పేమెంట్ పంపండి. మర్యాదగా, క్లుప్తంగా ఉండాలి. ‘మా కస్టమర్ చాలా నష్టపోతున్నారు, దయచేసి సహకరించండి’ అన్న వాక్యాలు తీసేయించండి. అవి చదివితే తప్పు మనదేనని మనమే ఒప్పుకున్నట్టు ఉంటుంది. పేమెంట్ లేకుండా ఒరిజినల్ డాక్యుమెంట్లు ఎవరికీ ఇవ్వవద్దని కూడా రాయించండి.

ఇప్పుడు సరుకు. షిప్పింగ్ లైన్ వెబ్‌సైట్‌లో కంటైనర్ నంబర్లు కొట్టి చూడండి. ఇంకా యార్డులోనే ఉందా, గేట్ అవుట్ అయిందా? ఒరిజినల్ బీఎల్ బ్యాంకులో ఉండగానే కంటైనర్ బయటికి వెళ్లిందంటే చాలావరకు అదే బ్యాంకు షిప్పింగ్ గ్యారంటీ (ఒరిజినల్ బీఎల్ లేకుండానే సరుకు వదలమని లైన్‌కి ఇచ్చే హామీ) ఇచ్చి ఉంటుంది. సాధారణంగా గ్యారంటీ ఇచ్చేటప్పుడే డాక్యుమెంట్లు ఎలా వచ్చినా ఒప్పుకుంటానని పార్టీ చేత బ్యాంకు రాయించుకుంటుంది. సరుకు తీసుకున్నవాడు 8 శాతం అడుగుతున్నాడంటే మీరు ఒక్క పైసా తగ్గించక్కర్లేదు. యార్డులోనే ఉంటే ఫ్రీ డేస్ (అద్దె పడని రోజులు) ఎప్పటితో అయిపోతాయో లైన్‌ని అడగండి. జులైలో చిట్టగాంగ్ వానల్లో, ఆ తేమలో కంటైనర్ ఎక్కువ రోజులు ఆగితే కాయ రంగు తగ్గుతుంది, బూజు పట్టే ప్రమాదం ఉంది. బూజు పట్టాక అఫ్లాటాక్సిన్ (బూజు నుంచి వచ్చే విషం) భయం ఎలాగూ తప్పదు. ఈ లెక్క మీకు తెలిసి ఉండాలి, పార్టీకి మాత్రం వినిపించకూడదు.

పార్టీ ఎందుకు బేరం పెడుతున్నాడో కూడా ఆలోచించండి. కాంట్రాక్టు రాసిన రోజున్న రేటు, ఈరోజు గుంటూరు యార్డులో ఉన్న రేటు పక్కపక్కన పెట్టి చూడండి. 2025 మొదట్లో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలా రేట్లు పడ్డప్పుడు, నిన్నటిదాకా కళ్లు మూసుకుని యాక్సెప్ట్ చేసిన పార్టీలకు కూడా కామాలు కనిపించడం మొదలవుతుంది. అతనికి సరుకు కావాలా, పాత రేటు తప్పించుకోవాలా అన్నది ఆ తేడాను బట్టే తెలుస్తుంది.

సవరించిన ఇన్వాయిస్ గడువులోపు ఇచ్చాక పార్టీ ఒప్పుకోలుతో మీకు పనే లేదు. బ్యాంకు డబ్బు కట్టాలి. ‘24వ తేదీ తర్వాత మాట్లాడదాం’ అని అతనికి ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి.

ఏ కారణం వల్లనైనా 24 దాటిపోతే అప్పుడు బేరం తప్పదు. అప్పుడైనా మొదట అడగాల్సింది పూర్తి మొత్తానికి వేవర్, అంటే తప్పులున్నా ఒప్పుకుంటామన్న మాట. వాట్సాప్‌లో ‘యాక్సెప్టెడ్’ అని అతను పెట్టినా, సంతకం చేసిన లెటర్ పంపినా దానికి విలువ లేదు. పార్టీ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయే హక్కు బ్యాంకుకు ఉంది. 2022 తర్వాత బంగ్లాదేశ్‌లో డాలర్ల కొరత వచ్చినప్పుడు పార్టీలు సరేనన్న బిల్లులకు కూడా డబ్బు రావడానికి బాగా ఆలస్యమైంది. కాబట్టి ఇష్యూయింగ్ బ్యాంకు నుంచి స్విఫ్ట్‌లో, ఫలానా తేదీకి ఇంత మొత్తం చెల్లిస్తామన్న మాట రావాలి. తగ్గించక తప్పని పరిస్థితి వస్తే సరుకు వెనక్కి తెప్పించే ఖర్చుతో పోల్చుకుని ఒక హద్దు గీసుకోండి. వెనక్కి తేవడమూ, అక్కడే ఇంకొకరికి అమ్మడమూ తేలిక కాదు. బీఎల్ ఆ బ్యాంకు పేరున ఆర్డర్ చేసి ఉంటుంది కాబట్టి వాళ్ల ఎండార్స్‌మెంట్ (బీఎల్ వెనక సంతకం) కావాలి, అసలు పార్టీ నుంచి ఎన్‌ఓసీ కూడా తరచు అడుగుతారు. ఇన్వాయిస్ విలువ తగ్గించాలంటే ఇక్కడ మీ బ్యాంకు అనుమతి కూడా ముందే తీసుకోవాలి, లేకపోతే ఈడీపీఎంఎస్‌లో (ఎగుమతి డబ్బు వచ్చిందా లేదా చూసే రిజర్వ్ బ్యాంకు సిస్టమ్) ఆ బిల్లు తెరిచే ఉండి తర్వాతి షిప్‌మెంట్లకు తలనొప్పి అవుతుంది. ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి కోసం ముందే తీసుకున్న అప్పు) సంగతి మేనేజర్‌తో ఈరోజే మాట్లాడి పెట్టుకోండి, బిల్లు ఓవర్‌డ్యూ అయ్యాక మాట్లాడితే వడ్డీ రేటు మారిపోయి ఉంటుంది.

తర్వాతి ఎల్‌సీకి మాత్రం కాగితం చేతికి వచ్చిన రోజే పని మొదలుపెట్టండి. బంగ్లాదేశ్ ఎల్‌సీల్లో 47ఏ (అదనపు షరతుల ఫీల్డు) చాంతాడంత ఉంటుంది. ఎల్‌సీఏ (ఎల్‌సీ ఆథరైజేషన్ ఫారం) నంబరు, ఐఆర్‌సీ (ఇంపోర్టర్ రిజిస్ట్రేషన్), బిన్ (వ్యాపార గుర్తింపు నంబరు), హెచ్‌ఎస్ కోడ్ (సరుకు కస్టమ్స్ కోడ్) అన్ని డాక్యుమెంట్ల మీదా ఉండాలంటారు. ఇంపోర్టర్ పేరు, అడ్రస్ కనీసం 2 శాతం ప్యాకేజీల మీద ప్రింట్ అయి ఉండాలంటారు. మీ బస్తాల మీద ఆ ముద్ర లేదని కంటైనర్ సీల్ వేశాక గుర్తొస్తే ఏం లాభం? బరువు టన్నుల్లో మాత్రమే ఇచ్చి బస్తాల సంఖ్య రాయకపోతే, ఎల్‌సీ మొత్తం దాటనంతవరకు 5 శాతం అటూ ఇటూ చెల్లుతుంది. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన కాయ తేమ ఆరి బరువు తగ్గుతుంది కాబట్టి మనకు ఇది చాలా అవసరం. ‘ఇన్ని బస్తాలు’ అని సంఖ్య రాశారంటే ఆ వెసులుబాటు ఉండదు, ఆ మాట తీసేయమని అమెండ్‌మెంట్ అడగండి. అప్లికెంట్ సంతకంతో ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ కావాలన్న షరతు ఉంటే సరుకు ఎక్కించనేవద్దు.

డాక్యుమెంట్లు ‘దాదాపు ఒకటే’ అయితే చాలదన్నది కొత్త విషయం కాదు. 1920ల్లో ఇంగ్లండ్‌లో ఒక కేసు నడిచింది, అది కూడా మసాలా సరుకు మీదే. బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి వచ్చే వెనీలా కాయలకు నిపుణుల సర్టిఫికెట్ అడిగితే, ఒక్క నిపుణుడి సంతకంతో వచ్చిన కాగితం మీద బ్యాంకు డబ్బు కట్టేసింది. వచ్చిన సరుకులో ఎక్కువ భాగం చెత్త. ఆ నష్టం బ్యాంకే భరించాలని తీర్పు వచ్చింది. ఢాకా బ్యాంకువాళ్లు అంత పట్టుగా ఉండటానికి వెనక ఇలాంటి చరిత్ర ఉంది, కేవలం పార్టీ ఒత్తిడే కారణం అనుకోకండి.

కొరియర్ రికార్డులో అసలు డెలివరీ తేదీ, ఎల్‌సీ 41లో ఉన్న వాక్యం, 734లో 77బీ కింద రాసిన మాటలు, ఈ మూడూ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. 799 మ్యాటర్ మీ బ్యాంకుకు ఇవ్వడానికి వీలుగా రాసిస్తాను. ఇన్వాయిస్ ప్రింట్ మాత్రం దానికోసం ఆపకండి.